లారీ దీపములు – తీగల వేడి – రిలేల యమరిక

టమాటా రైతునకు రాత్రి ప్రయాణము తప్పదు. పగలు కోసి పెట్టెల కెత్తిన కాయ సాయంకాలము మదనపల్లెలో బయలుదేఱి, పుంగనూరు, పలమనేరు, చిత్తూరు దాటి, తెల్లవాఱుజామునకు చెన్నపట్టణపు కోయంబేడు మార్కెట్టు చేరినగాని తగిన ధర పలుకదు. త్రోవలో మొగిలి కనుమ గలదు. ఆ దిగుడులో, ఆ మలుపులలో డ్రైవరునకు బ్రేకు తరువాత నమ్మదగిన తోడు దీపమే. కాని మన సభ్యుల లారీలలో, ముఖ్యముగా పది పదునైదేండ్లు నడచిన పాత బండ్లలో, దీపములు పలుచబడుట, స్విచ్చి చేతికి వేడిగా తగులుట, ఒక్కొక్కప్పుడు డాష్‌బోర్డు వెనుకనుండి కాలిన వాసన వచ్చుట సామాన్యమైపోయినది. ఈ విషయమై సభ్యులు పలుమాఱు ప్రశ్నించుచున్నందున నీ సంచికలో కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

దీపము పలుచనైనప్పుడు పెక్కుమంది చేయుచున్న పని బల్బు మార్చుట. కంపెనీవారు బిగించిన 60/55 వాట్ల బల్బును తీసివైచి 100/90 వాట్ల బల్బును వేయించుచున్నారు. మొదటి రెండు మూడు రాత్రులు వెలుగు హెచ్చినట్లే తోచును. పిమ్మట స్విచ్చి కరగును. లేదా బల్బు వెనుకనుండు హోల్డరు మాడును. లేదా దీపపు గిన్నెలోని తళుకుపూత పొక్కిపోవును. ఎదుటివాని కన్నులు మిఱుమిట్లు గొలుపుట వేఱొక పాపము. నిర్ణయించిన శక్తిని మించిన బల్బులను రోడ్డుమీద వాడుట చట్టసమ్మతమును గాదు. రోగ మేదో తెలియక మందు మోతాదు పెంచిన వైద్యునివలె నున్నది ఈ చికిత్స.

లోపము బల్బులో లేదు. బల్బునకు విద్యుత్తు వచ్చు త్రోవలో నున్నది. చెఱువు నిండుగా నున్నను, కాలువలో పూడిక పడియున్నచో కడపటి మడికి నీరు చాలదు గదా. అప్పుడు కడపటి రైతు తన మడిని వెడల్పు చేసికొన్నంత మాత్రమున నీరు హెచ్చునా? పెద్ద బల్బు వేయుట సరిగా అట్టి పనియే.

పాత లారీలలో దీపమునకు బోవు విద్యుత్తు ఎట్టి చుట్టు త్రోవలో బోవుచున్నదో చూడుడు. బ్యాటరీనుండి బయలుదేఱి క్యాబిను లోపలికి వచ్చును. ఫ్యూజుపెట్టె గుండా స్టీరింగు చెంతనున్న స్విచ్చిలోనికి బోవును. అచ్చట డిమ్ము, డిప్పు మార్చు మీట గుండా మఱల బయటకు వచ్చి, నాలుగైదు కప్లరులు దాటి, చిట్టచివరకు దీపమును చేరును. ఈ త్రోవ యంతయు సన్నని తీగ. అతుకు అతుకునకు తుప్పు, మసి, వదులు. దీపము వెలిగించుటకు గావలసిన యావత్తు ప్రవాహమును వ్రేలితో త్రిప్పు నా చిన్న స్విచ్చియే మోయవలసి యున్నది.

లెక్క చూచినచో విషయ మింకను తేటపడును. 12 వోల్టుల బండిలో 60 వాట్ల బల్బు ఒక్కొక్కటి 5 ఆంపియరుల ప్రవాహమును గైకొనును. రెండింటికి 10 ఆంపియరులు. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల రాగితీగ ఆఱు మీటర్లున్న దనుకొందము. అందు 10 ఆంపియరులు బోవునప్పుడు ఇంచుమించు ఒక వోల్టు తీగలోనే హరించిపోవును. స్విచ్చిలోను, అతుకులలోను మఱియొక అర వోల్టు పోయినను వింత లేదు. ఇంజను నడచుచుండగా బ్యాటరీవద్ద 13½ వోల్టులున్నచో బల్బువద్ద 12 మాత్రమే మిగులును. పోయినది ఒకటిన్నర వోల్టే గదా యని తేలికగా దలపరాదు. హాలోజెను బల్బులో వోల్టేజి కొంచెము తగ్గినను వెలుగు మిక్కుటముగా తగ్గును. వోల్టేజి పదింట నొకవంతు తగ్గినచో వెలుగు నూటికి డెబ్బదికి దిగజాఱును. ఐదింట నొకవంతు తగ్గినచో సగముకంటె తక్కువయగును. పైన చెప్పిన బండిలో వెలుగు మూడింట నొకపాలు మార్గమధ్యముననే నష్టమగుచున్న దన్నమాట.

ఆ నష్టమైన శక్తి ఎచ్చటికి బోవును? వేడిగా మాఱును. స్విచ్చిలో తాకుడు బిళ్లలు కందిగింజంత యుండును. అచ్చట ఒక వోల్టు నష్టమైనచో పది వాట్ల వేడి ఆ కందిగింజంత చోటనే పుట్టును. చుట్టునున్నది ప్లాస్టిక్కు. అది మెత్తబడును, బిళ్ల వదులగును, వదులైన కొలది వేడి హెచ్చును, వేడి హెచ్చిన కొలది మఱింత వదులగును. ఇంగ్లండు దేశపు జూల్ పండితుడు 1840 ప్రాంతమున కనుగొనిన సూత్ర మొకటి యిచ్చట స్మరింపదగును. ప్రవాహము రెట్టింపైనచో వేడి రెట్టింపు గాదు, నాలుగింత లగును. కావుననే 60 వాట్లకు బదులు 100 వాట్ల బల్బు వేసినవాని తీగలలో ప్రవాహము పదింటనుండి పదునాఱున్నరకు పైబడి, వేడి రెండున్నర రెట్లు మించును. బల్బు మార్చినవాడు తీగ మార్చలేదు, స్విచ్చి మార్చలేదు.

క్రిందటి యేడు మా సంఘ సభ్యుని చిన్నలారీ యొకటి ఇట్లే చిక్కుపడినది. బండి పాతది, చేతులు మాఱి వచ్చినది. మునుపటి యజమాని 100/90 బల్బులు వేయించి యుండెను. మొగిలి కనుమ దిగుచుండగా ముందర రెండు దీపములును ఒక్కమాఱుగా ఆఱిపోయినవి. డ్రైవరు నిదానస్థుడు గనుక బ్రేకు మెల్లగా నొత్తి, మలుపు దీపములు వేసి, గట్టువైపునకు బండిని చేర్చెను. తెల్లవాఱువఱకు అచ్చటనే నిలిచెను. ప్రాణహాని లేదు. కాని సరకు మధ్యాహ్నమునకు మార్కెట్టు చేరినది. ఆనాటి ధర ఆనాటి యుదయముననే యైపోయినది. ఆ నష్టము లారీవానిది మాత్రమే గాదు, అందు పెట్టెలు వేసిన తొమ్మండుగురు రైతులదియు.

పిమ్మట ఆ స్విచ్చిని విప్పించి చూచితిమి. ప్లాస్టిక్కు గోధుమవర్ణమునకు దిరిగి వంగిపోయినది. లోపలి బిళ్ల మాడిన రాగిగింజవలె నల్లబడియున్నది. పలమనేరులోని వృద్ధుడైన ఎలక్ట్రీషియనువద్దకు బండి తీసికొనిపోగా డ్రైవరు, “మామా, స్విచ్చి కొత్తదెయ్యి, బల్బులు మాత్రం అవే ఉండనీ” అనెను. ఆ పెద్దమనిషి నవ్వి, “దావ ఇరుకుగా ఉంటే బండి పెద్దదై ఏం జేస్తుంది నాయనా? ముందు దావ బాగుజేసుకుందాం” అని బదులు చెప్పెను. ఆయన చేసిన పనినే యిచ్చట వివరించుచున్నాము.

రిలే యనునది క్రొత్త వస్తువు గాదు. అమెరికా దేశస్థుడగు జోసెఫ్ హెన్రీ పండితుడు 1835లో దీనిని నిర్మించెను. దూరము పోయిన కొలది క్షీణించు ప్రవాహము తానుగా పెద్దపని చేయజాలదు గాని, ఒక అయస్కాంతమును కదలించి, దగ్గఱనే యున్న మఱియొక బలమైన ప్రవాహమునకు తలుపు తీయగలదు. టెలిగ్రాఫు దీనివలన దూరదేశములకు బోగలిగినది. రిలే యను మాటయు టపా గుఱ్ఱములను బట్టి వచ్చినదే. మన పూర్వులు దానిని అంచె యనిరి. ఒక గుఱ్ఱము అలసినచోట మఱియొక గుఱ్ఱము సిద్ధముగా నుండును.

లారీలో దాని పని చెఱువుమీది నీరుగంటి పనివంటిది. రైతు గట్టుమీదనుండి కేకవేయును. తూము తెఱచువాడు నీరుగంటి. కేకకు బలము అక్కఱలేదు. అట్లే స్టీరింగువద్ద స్విచ్చి యిక దీపమును మోయదు. రిలేకు కేకవేయును, అంతే. 12 వోల్టుల రిలే లోపలి చుట్టకు గావలసిన ప్రవాహము ఆంపియరులో ఆఱింట ఏడింట నొకవంతు మాత్రమే. ఆ చుట్ట అయస్కాంతమై లోపలి బిళ్లలను కలుపును. అప్పుడు బ్యాటరీనుండి మందమైన తీగద్వారా దగ్గఱి త్రోవలో దీపమునకు నిండు ప్రవాహము చేరును. స్విచ్చి చల్లగా నుండును. దీపము ప్రకాశవంతముగా నుండును.

రిలే క్రింద నాలుగు కాళ్లుండును. వానిపై సంఖ్యలు చెక్కబడియుండును. దుకాణము ఏదైనను, తయారించినవా రెవరైనను ఈ సంఖ్యలు సాధారణముగా నొక్కటే. 30 అనుదానికి బ్యాటరీనుండి వచ్చు మందపు తీగ. 87 అనుదానినుండి దీపమునకు బోవు తీగ. 86 అనుదానికి స్విచ్చినుండి వచ్చు పాత తీగ. 85 అనుదానిని ఎర్తుచేయవలెను. కొన్ని రిలేలలో చుట్టకు అడ్డముగా డయోడు అమర్చబడియుండును. అట్టివానిలో 85, 86 తాఱుమాఱు చేయరాదు. డిప్పున కొకటి, బ్రైటున కొకటి చొప్పున రెండు రిలేలు కావలయును. 24 వోల్టుల పెద్ద లారీకి 24 వోల్టుల రిలేలే కొనవలెను. 12 వోల్టుల రిలే వేసినచో చుట్ట కాలిపోవును.

పని మొదలిడుటకు ముందు బ్యాటరీ మైనసు తీగ విప్పుట మఱువరాదు. తరువాత దీపముల వెనుకనున్న పాత కప్లరులలో నొకదానిని దీపమునుండి ఊడదీసి, దాని డిప్పు తీగను ఒక రిలే 86నకు, బ్రైటు తీగను రెండవ రిలే 86నకు కలుపవలెను. రెండవ ప్రక్కనున్న పాత కప్లరు నింక వాడ నక్కఱలేదు. టేపు చుట్టి కట్టివేయవచ్చును. పాత తీగలను కత్తిరింపకున్నచో ఎప్పుడైన రిలే చెడినప్పుడు దారిలో పాత కప్లరులనే మఱల దీపములకు తగిలించి యిల్లు చేరవచ్చును. ఈ కారణముచేత మేము కత్తిరించు పద్ధతిని ఒప్పుకొనము. కొన్ని బండ్లలో స్విచ్చి ప్లస్సువైపున గాక ఎర్తువైపున పనిచేయును. కావున టెస్టుదీపముతో నిర్ధారణ చేసికొన్న పిమ్మటనే తీగలు కలుపవలయును.

బ్యాటరీనుండి రిలేలకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ, రిలేనుండి ఒక్కొక్క దీపమునకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ చాలును. ఇట్లు చేసినచో మునుపు ఒకటిన్నర వోల్టుండిన నష్టము పావు వోల్టు ప్రాంతమునకు తగ్గును. తీగ చివరలకు లగ్గులు బిగించునప్పుడు కటింగుప్లయరుతో నలుపుట గాదు, దానికై యున్న పనిముట్టుతో నొక్కించవలెను. చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఆఱునెలలలో మఱల వేడెక్కును. అప్పుడు రిలే దండుగ.

ఫ్యూజు విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. ఏలయన రిలే వేయించిన బండ్లలో మేము చూచిన ఘోరమైన లోప మిదియే. బ్యాటరీనుండి నేరుగా మందపు తీగ లాగి, ఫ్యూజు లేకుండ రిలేకు కలిపినవారున్నారు. ఫ్యూజున్నను దానిని దీపము చెంత నుంచినవారున్నారు. ఛాసిస్ ఇనుమునకు ఒరసికొని ఆ తీగ తోలు చినిగినచో ఆపువా డెవడును లేడు. బ్యాటరీలోని శక్తి యంతయు ఒక్కసారిగా ఆ తీగలో పాఱి, తీగ ఎఱ్ఱబడి, చుట్టునున్న తీగల కట్టను, డీజిలు గొట్టమును అంటుకొనును. వేడి మాన్పబోయి నిప్పు దెచ్చుకొన్నట్లగును. కాబట్టి ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోనే యుండవలయును. ఫ్యూజు కాపాడునది దీపమును గాదు, తీగను. 12 వోల్టుల బండిలో ప్రధానమైన ఫ్యూజు 30 ఆంపియరులది, ఆవల డిప్పునకు 15, బ్రైటునకు 15 ఉంచవచ్చును. కుడిదీపమునకు, ఎడమదీపమునకు వేఱువేఱుగా ఫ్యూజు లమర్చుట యింకను మేలు. ఒకటి పోయినను రెండవ కన్ను తెఱచియుండును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో పెద్ద ఫ్యూజు వేయుట, వెండిరేకు చుట్టుట, మేకు గ్రుచ్చుట మన రోడ్లమీద చూచుచున్నదే. అట్టివారికి చెప్పదగిన మాట మావద్ద లేదు.

24 వోల్టుల లారీలలో రెండు బ్యాటరీలు వరుసగా కలుపబడియుండును. ఏదో చిన్న సౌకర్యమునకై ఒక్క బ్యాటరీనుండి 12 వోల్టులు లాగుట కొందఱు డ్రైవరులకు అలవాటు. దానివలన ఒక బ్యాటరీ ఎల్లప్పుడు ఆకలితోను, రెండవది అజీర్ణముతోను నుండి, రెండును త్వరగా చెడును. దీపములకు తీగ లాగునప్పుడు రెండింటి చివరి ప్లస్సునుండియే లాగవలెను. 24 వోల్టుల బండిలో 75 వాట్ల బల్బునకు 3 ఆంపియరులకు కొంచె మెక్కువ ప్రవాహము చాలును గనుక ఫ్యూజులు 10 ఆంపియరులవే యుండవలయును. ప్రవాహము తక్కువ గనుక ఈ బండ్లలో బాధయు కొంత తక్కువయే. కాని తీగలు పొడవు, బండ్లు పాతవి.

ఇక ఎర్తు. ప్లస్సు తీగ యెంత మంచిదైనను విద్యుత్తు తిరిగి పోవుటకు త్రోవ బాగుండవలెను గదా. పాత లారీల ముందరి రేకులు పుటము పెట్టినట్లు తుప్పు పట్టియుండును; దీపపు ఎర్తు తీగ ఆ తుప్పునకే బిగింపబడియుండును. రెండు దీపములకును రెండున్నర చదరపు మిల్లీమీటర్ల నల్లతీగను వేసి, ఛాసిస్‌మీద రంగు గీకి, ఇనుము మెఱయువఱకు శుభ్రపఱచి బిగించి, పైన గ్రీజు పూయవలెను. పెక్కుచోట్ల ఎర్తు బాగుచేసినంతనే సగము రోగము కుదురుటయు గలదు. రిలే టకటక కొట్టుకొనుచున్నచో మొదట అనుమానింపవలసినది ఎర్తునే, ఆ తరువాత బ్యాటరీని.

రిలేలను ఇంజనుమీద వేడి తగులుచోట గాని, చక్రమునుండి బురద యెగయుచోట గాని బిగింపరాదు. కాళ్లు క్రిందికి వచ్చునట్లు బిగించినచో నీరు నిలువదు. తీగ రేకులోనుండి బోవు ప్రతిరంధ్రమునకు రబ్బరు బుష్షు వేయవలెను.

ఇదంతయు ప్రతి లారీకి అవసరమని మా యభిప్రాయము గాదు. మొదట కొలిచి చూడుడు. ఇంజను నడచుచుండ, బ్రైటు వెలిగించి, మీటరు ఎఱ్ఱముల్లు బ్యాటరీ ప్లస్సుమీదను, నల్లముల్లు దీపపు వెనుక బ్రైటు తీగమీదను ఉంచినచో మీటరు చూపునది నష్టము. 12 వోల్టుల బండిలో అది అర వోల్టులోపున్నచో తీగల జోలికి పోనక్కఱలేదు. అద్దము పసుపెక్కినదేమో, గిన్నె మసకబాఱినదేమో చూచుకొనవచ్చును. ఒక వోల్టు దాటినచో రిలే వేయించుట మంచిది. అట్లే బ్యాటరీ మైనసునకు, దీపపు ఎర్తునకు నడుమ కొలిచినచో ఎర్తు సంగతి తెలియును. బ్యాటరీవద్ద చార్జింగు వోల్టేజి 14½ దాటుచున్నచో, పెద్దబండిలో 29 దాటుచున్నచో, రెగ్యులేటరు బాగుచేయించిన తరువాతనే రిలే వేయవలెను. లేనిచో ఇన్నాళ్లు సన్నతీగ మ్రింగిన యా యెక్కువ వోల్టేజి నేరుగా బల్బునకు చేరి, బల్బులు వారమున కొకటి పోవును. అపుడు జనులు నిందించునది రిలేనే.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమ్ముడగుచున్న బి.ఎస్. 6 బండ్లలో అనేకమునకు కంపెనీవారే రిలేలు అమర్చియున్నారు. కొన్నిటిలో దీపములను కంప్యూటరు పెట్టె నడపుచున్నది. అట్టి బండిలో తీగలు కత్తిరించినచో పెట్టె చెడుటయు, గ్యారంటీ పోవుటయు సంభవించును. ఆ బండ్ల విషయమున కంపెనీ వర్క్‌షాపునకే పోవలెను. పాతబండికైనను పని చేయించిన ఎలక్ట్రీషియనువద్ద బిల్లు తీసికొని భద్రపఱచుకొనుడు. ఏదైన ప్రమాదము జరిగినప్పుడు ఇన్సూరెన్సువారు మొదట నడుగునది బండిలో మార్పు లేమి చేసితిరని. హాలోజెను గిన్నెలో ఎల్.ఈ.డి. బల్బు గ్రుచ్చుట రిలేకు బదులు గాదు. వెలుగు చెదరి ఎదుటివాని కన్నులలో పడును.

రిలేలు, తీగలు, ఫ్యూజులు, ఎర్తులు, కూలి అన్నియు గలిపినను ఒక లారీ టైరు వెలలో స్వల్పభాగము మాత్రమే. రాత్రిపూట వరి నూర్చు యంత్రములకు, దుక్కిదున్ను ట్రాక్టరులకు వెనుకదీపములు వేసికొన్న సభ్యులకును ఈ యమరిక వర్తించును. దీపములు బాగైన పిమ్మట బండికి సరకు వేసి, చదునునేలమీద గోడ కెదురుగా నిలిపి వెలుగు ఎత్తు సరిచేయించవలెను. వెనుక బరువుపడిన లారీ ముక్కు పైకెత్తును. ఖాళీబండికి సరిచేసిన వెలుగు బరువుబండికి పనికిరాదు. ప్రతి బండిలో రిలే యొకటి, ఫ్యూజులు నాలుగు అదనముగా నుంచుట డ్రైవరునకు అలవాటు చేయవలెను.

సంఘ కార్యాలయమున మీటరును, టెస్టుదీపమును ఉంచితిమి. కావలసిన సభ్యులు పుస్తకములో సంతకము చేసి తీసికొనిపోయి, మఱునాటి సాయంకాలములోపల తిరిగి యొప్పగింపవలయును.